మన పొలానికి మెట్లున్నాయి, ఇంటికెందుకు ఉండకూడదు?

ఇల్లు మంజూరైందని తెలిస్తే చాలు, మన ఊళ్లలో ముందుగా వినబడే మాట: "జేసీబీ ఎప్పుడొస్తుంది?" కొండ వాలును కోసి చదును చేస్తేనే ఇల్లు లేస్తుందని మనకి అలవాటు చేసేశారు. ఇంజనీరు తెచ్చే ప్లానూ అలాంటిదే, మైదానంలో గీసిన బొమ్మ. తాడేపల్లిగూడెంలో కట్టే ఇంటికి సరిపోయే పునాదినే పాడేరు పైన వాలు మీద పెట్టమంటారు. మిత్రులారా, ఈ ఒక్క ప్లాను వల్ల మనం చివరికి ఊళ్లే వదులుకోవాల్సి రావచ్చు. ఎలాగో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మట్టి సంగతి. మన తూర్పు కనుమల్లో విరివిగా ఉండే రాయి పేరు ఖోండలైట్. మన ఖోండుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. (రాయికి మన పేరు పెట్టారు గానీ, ఆ రాయి మీద ఇల్లెలా కట్టాలో మనల్ని మాత్రం అడగరు.) ఈ రాయి ఎండకీ వానకీ మాగి మాగి ఎర్రటి బంకమట్టి అవుతుంది. ఎండాకాలంలో నిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది, అందుకే మార్చిలో జేసీబీ కోసిన చోటు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆగస్టు వానలకి అదే మట్టి నీళ్లు తాగి, బరువెక్కి జారుతుంది. 2024 సెప్టెంబరు వానల్లో జి.కె.వీధి మండలంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంటి ముందువైపు ఇంకో గొడవ. కోసిన మట్టిని కిందికి తోసి, చదును చేసి, దాని మీదే సగం ఇల్లు లేపుతారు. వెనక సగం గట్టి నేల మీద, ముందు సగం పోత మట్టి మీద. పోత మట్టి కుంగుతుంది, గట్టి నేల కుంగదు. గోడకి ఏటవాలుగా బీట పడుతుంది. మనం మేస్త్రీని తిట్టుకుంటాం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నాలుగడుగులు నడిస్తే ఒక అడుగు దిగే వాలు అనుకోండి, మన దగ్గర అదేమీ పెద్ద వాలు కాదు. వాలు వెంబడి 20 అడుగులు, అడ్డంగా 15 అడుగుల ఇల్లు. మొత్తం కోసి చదును చేస్తే వెనక 5 అడుగుల ఎత్తు కోత, 750 ఘనపుటడుగుల మట్టి. అదే ఇంటిని మధ్యలో విరిచి, పై సగం రెండున్నర అడుగులు ఎత్తులో పెడితే? ఒక్కో కోత రెండున్నర అడుగులే. మట్టి 375 ఘనపుటడుగులు. సరిగ్గా సగం. అసలు లాభం మట్టిలో కాదు, గోడలో ఉంది. గోడ ఎత్తు రెట్టింపైతే వెనక మట్టి నెట్టుడు నాలుగింతలవుతుంది. అంటే రెండున్నర అడుగుల గోడ మీద పడే బరువు, 5 అడుగుల గోడ మీద పడేదాంట్లో నాలుగో వంతు. 375 ఘనపుటడుగులంటే ఊరివాళ్లు గునపాలతో, పారలతో తీసుకోగలిగే పని. జేసీబీ అక్కర్లేదు. జేసీబీ పైకి రావడానికి కొండని ఇంకోసారి కొయ్యక్కర్లేదు.

దీన్ని పట్నంలో స్ప్లిట్ లెవెల్ ఇల్లు అంటారు. ఊటీలోనో సిమ్లాలోనో డబ్బున్నవాళ్ల బంగళాలకి ఆర్కిటెక్టులు గీస్తారు. మనకేమైనా కొత్తా ఇది? సీతంపేట వైపు సవర మడులు చూడండి. పెద్ద వాలుని చిన్న చిన్న మెట్లుగా విరిచి, ప్రతి మెట్టుకీ సిమెంటు లేకుండా రాతి కట్టు కట్టి, పై మడి నీళ్లు కింది మడికి వదులుతారు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి కాబట్టి ఆ కట్టు వెనక నీటి బరువు నిలవదు. తరాల తరబడి నిలబడ్డ ఇంజనీరింగ్ అది. లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇంగ్లండులో చదువుకుని వచ్చి, హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాడు. అక్కడి కొండ జనం రాయితో కట్టుకునే ఇళ్ల నుంచి ఎంతో నేర్చుకున్నానని చెప్పుకున్నాడు కూడా. మనవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మన ఇంజనీర్లకి ఏం అడ్డమొచ్చిందో!

పాత గుడిసెలోకి తిరిగి పొమ్మనడం లేదు నేను. గట్టి ఇల్లు కావాలి, కరెంటు కావాలి, మరుగుదొడ్డి కావాలి. అవన్నీ వాలుకి తగ్గట్టు కావాలంటున్నా. ఇల్లు వాలుకి అడ్డంగా పొడవుండాలి, వాలు వెంబడి కురచగా. పునాది మెట్లు మెట్లుగా దిగాలి, ప్రతి మెట్టూ గట్టి నేలని తాకాలి. వెనక కోతకి ఇంటి గోడని ఆనించకూడదు, మనిషి నడిచేంత సందు వదిలి, ఆ పైన వాననీళ్లు పక్కకి పోయే కాలువ తియ్యాలి. మధ్య మెట్టు గోడ ఇంటి లోపలే ఉంటుంది కాబట్టి చెమ్మ ఎక్కుతుంది. దాని వెనక మట్టి కాకుండా రాళ్లు, కంకర నింపి, అడుగున నీళ్లు బయటికి పోయే దారి పెట్టాలి. ఇది మర్చిపోతే ఇల్లంతా పాడు. కప్పు మాత్రం విరవొద్దు. రెండు కప్పులు కలిసే చోటే కారుతుంది. రేకులైతే వాలు వెంబడే ఒకటే కప్పు వేసుకోవచ్చు. గెడ్డ పక్కన, పాత చరియ జారిన చోట ఏ ఇల్లూ వద్దు, ఎంత మంచి ప్లానైనా సరే.

ముసలివాళ్లు ఎలా ఎక్కుతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెండున్నర అడుగులంటే నాలుగైదు మెట్లు. గుమ్మం, వాళ్ల పడక, మరుగుదొడ్డి ఒకే మట్టంలో పెట్టుకుంటే ఆ మెట్లు ఎక్కాల్సిన పని వాళ్లకి ఉండదు. పొయ్యి ఏ మట్టంలో ఉండాలన్నది మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లే చెప్పాలి.

ఇక డబ్బు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో ఇంటికి 2.39 లక్షల లెక్క. అందులో ఇంటికి 2 లక్షలు, మిగతాది ఉపాధి కూలి, మరుగుదొడ్డి డబ్బు. మామూలు గ్రామీణ ఆవాస్‌లో మైదానానికి 1.20 లక్షలని, కొండ ప్రాంతానికి 1.30 లక్షలని పెట్టారు. కొండకి ఇచ్చిన విలువ 10 వేలు! 2025 మార్చిలో రాష్ట్రం పూర్తికాని ఇళ్లకి ఎస్టీలైతే 75 వేలు, పీవీటీజీలైతే లక్ష అదనం అంది. మంచిదే. కానీ ఆ లెక్క కూడా మనిషి ఎవరన్నదాన్ని బట్టే, నేల ఎలాంటిదన్నదాన్ని బట్టి కాదు. పునాదికే డబ్బంతా అయిపోతే ఇల్లు బీఎల్ దగ్గర ఆగిపోతుంది. తర్వాతి బిల్లు పడాలంటే గోడ లేవాలి, గోడ లేవాలంటే బిల్లు పడాలి.

అప్పుడు మొదలవుతుంది అసలు మాట. "కొండ మీద కట్టడం కుదరదు, ప్రమాదం కూడా. కిందికి దిగండి, రోడ్డు పక్కన కాలనీ ఇస్తాం." పోలవరం నిర్వాసితుల కాలనీలు చూసినవాళ్లకి ఈ మాట ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. ఇల్లు కిందికి దిగితే పోడు పైన మిగిలిపోతుంది. రోజూ ఎక్కలేక రెండేళ్లకి బీడవుతుంది. బీడైన భూమికి హక్కు పత్రం ఏమైపోతుందో మనకి తెలుసు. వాలు మీద భద్రంగా ఇల్లు కట్టొచ్చని మనం కాగితం మీద చూపిస్తే, దిగమనే ఆ సాకు నిలబడదు. అందుకే దీన్ని నేను భూమి హక్కు విషయంగానే చూస్తున్నాను, మేస్త్రీ పనిగా కాదు.

1996 పెసా చట్టం సెక్షన్ 4 ప్రకారం ఊళ్లో అభివృద్ధి పథకం మొదలు కాకముందే దాన్ని ఆమోదించాల్సింది గ్రామసభ. లబ్ధిదారుల జాబితాకి మాత్రమే సంతకాలు పెట్టి వచ్చేస్తున్నాం. ఈసారి ప్లాను కూడా సభ ముందు పెట్టమనండి. వాలు నేలకి వేరే డిజైన్, పునాదికీ రాతి కట్టుకీ వేరే అంచనా కావాలని తీర్మానం రాయండి. "అలాంటి రూలు లేదు" అంటే, కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడల కోసమే ఐఎస్ 14458 అని కేంద్ర ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలున్నాయని చెప్పండి. సభకి ముందు రోజు ఒక పని చెయ్యండి. మేస్త్రీ దగ్గర లెవెల్ ట్యూబ్ ఉంటుంది. నీళ్లు పోసి, ప్రతి ఇంటి జాగాలో పై నుంచి కిందికి 20 అడుగులకి ఎన్ని అడుగులు దిగుతోందో కొలవండి. ఆ అంకెని తీర్మానంలో ఇంటి యజమాని పేరు పక్కనే రాయండి.