నడుము సూదికి భయపడి ఆలస్యం చేయకండి

తలనొప్పి, వాంతులతో చేరిన రోగికి డాక్టరుగారు "వెన్ను నీరు తీసి పరీక్ష చేయాలి" అనగానే, వెంట వచ్చినవారి ముఖాలు మారిపోవడం మేము ఏళ్ళ తరబడి చూస్తున్నాము. "కాళ్ళు పడిపోతాయట కదా సిస్టర్" అంటారు. "స్కానింగ్ బాగానే ఉందిగా, మళ్ళీ ఇదెందుకు?" అంటారు. కొందరు సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకుపోతారు. ఇది ప్రమాదమని మా అభిప్రాయం.

పుర్రెలో ఒత్తిడి పెరిగితే, కారణం ఏదైనా లక్షణాలు ఇంచుమించు ఒక్కటే: పడుకుంటే ఎక్కువయ్యే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడడం. మెదడులో గడ్డ ఉన్నా, సిరలో రక్తం గడ్డకట్టినా, మెదడు పొరలకు టి.బి. సోకినా ఇలాగే ఉంటుంది. లావుగా ఉన్న యువతులలో ఏ గడ్డా లేకుండానే ఒత్తిడి పెరుగుతుంది. వైరస్ వల్ల మెదడు పొరలు వాచినా కొన్నిసార్లు అచ్చం ఇలాగే కనబడుతుంది. జ్వరం, మెడ బిగుసుకోవడం అందరిలోనూ స్పష్టంగా ఉండవు. స్కానింగ్‌లో ఏమీ తెలియకపోవచ్చు.

అప్పుడు దారి చూపేది వెన్ను నీరే. సూది పెట్టగానే ఒత్తిడి కొలుస్తారు. పెద్దవారిలో అది 25 సెంటీమీటర్ల నీటిమట్టం దాటితే ఎక్కువన్నమాట. వైరస్ అయితే ఆ నీటిలో తెల్లకణాలు పెరుగుతాయి, చక్కెర సాధారణంగా తగ్గదు. టి.బి.లో చక్కెర తగ్గి, ప్రొటీన్ పెరుగుతుంది. కణాలు పెరగకుండా ఒత్తిడి మాత్రమే పెరిగితే కారణం వేరే వెతకాలి. వైరస్ మెనింజైటిస్ చాలామందికి 7 నుండి 10 రోజులలో తగ్గిపోతుంది. టి.బి.కి నెలల తరబడి మందులు వాడాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పరీక్ష లేకుండా "వైరస్సేలే, అదే తగ్గుతుంది" అనుకోవడం ఎంత పొరపాటో ఆలోచించండి.

ఇక కాళ్ళ సంగతి. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది పెట్టేది దానికి కింద. కొందరికి కొద్ది రోజులు తలనొప్పి, నడుము నొప్పి ఉండవచ్చు. మెదడులో గడ్డ అనుమానం ఉంటే ముందు స్కానింగ్ తీసి, ప్రమాదం లేదనుకున్నాకే సూది పెడతారు. అందుకే రెండూ అవసరమవుతాయి.

ఇందులో మా తప్పూ ఉంది. సంతకం కాగితం చేతికిచ్చే ముందు ఇదంతా కూర్చోబెట్టి చెప్పడం నర్సులుగా మా బాధ్యత. హడావిడిలో మేము చెప్పకపోతే మొహమాటపడకుండా అడగండి. తలనొప్పితో పాటు మగత, ఫిట్స్, చూపు తగ్గడం ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.