తండ్రి మస్టరు – కొడుకు భవిష్యత్తు

రామకృష్ణాపూర్‌లో డిగ్రీ పూర్తిచేసిన యువకుణ్ణి, తరువాత ఏమి చేయదలచావని అడిగితే, "నాన్న అన్‌ఫిట్ కావాలి, చూస్తున్నాం" అన్న జవాబు వినడం అరుదు కాదు. తండ్రి రోగిగా ధ్రువపడితేనే కుమారునికి జీవిక దొరికే ఏర్పాటును మనమింతకాలం సహజమని ఎట్లా భావించామో ఆలోచింపవలసి ఉన్నది.

వారసత్వ ఉద్యోగాన్ని కేవలం అన్యాయమని కొట్టివేయడానికి మాకు మనసొప్పదు. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన తరం తన ఊపిరితిత్తులను గనికే అర్పించింది. అయితే 2017లో హైకోర్టు వారసత్వ నియామకాలను రాజ్యాంగంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమన్నది. ఆ పిమ్మట మిగిలినది కారుణ్య నియామకమే. కారుణ్యానికి రోగమే అర్హత!

ఈలోగా గని మారిపోయింది. 1975లో ఉపరితల గనులు వచ్చాయి. 1983లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్ యంత్రం దిగింది. ఫిల్లర్ల స్థానాన్ని ఎస్‌డీఎల్ యంత్రాలు ఆక్రమించాయి. 1990వ దశకం ఆరంభంలో సింగరేణి కార్మికులు లక్షకు పైబడి ఉండగా బొగ్గు సుమారు 2 కోట్ల టన్నులు. 2023–24లో 7 కోట్ల టన్నులు, ఉద్యోగులు మాత్రం సుమారు 40 వేలు. ఉపరితల గనుల్లో మట్టి తీసే పని అత్యధికంగా కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నది. అక్కడ పనిచేసేవారు ఈ లెక్కలోకి రారు.

గని ఆయుస్సు ప్రాజెక్టు నివేదికలోనే వ్రాయబడి ఉంటుంది. కార్మికుని పదవీ విరమణ తేదీ అతడు చేరిననాడే తెలుసు. ఏ సంవత్సరం ఎందరు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, సర్వేయర్లు అవసరమవుతారో అయిదేళ్ళ ముందే చెప్పడం అసాధ్యమేమీ కాదు. జరుగుతున్నదేమి? ఇంజనీరింగ్ పట్టభద్రుడు సైతం తండ్రి స్థానంలో బదిలీ వర్కరుగానే చేరుతున్నాడు. (హాజరు, సర్దారు వలె బదిలీ కూడ ఉర్దూ మనకిచ్చిన మాటే; ఒకరికి మారుగా మరొకరు అని అర్థం. ఇంత ఖచ్చితమైన మాట దొరకడం కష్టం.) అతని చదువుకు ఆ మస్టరులో గడి లేదు. సర్దారు, ఓవర్‌మన్ పరీక్షలకు గని అనుభవమూ, గ్యాస్ పరీక్ష, ప్రథమ చికిత్స ధ్రువపత్రాలూ కావాలి. ఆ దారి చూపేవారు లేక చాలామంది అక్కడే నిలిచిపోతున్నారు.

ఆడపిల్లల విషయం మరింత విచారకరం. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి రానీయలేదు. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, వారి వ్రాతపూర్వక అంగీకారంతో సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలకు అనుమతించింది. అయినా మన ఇళ్ళలో మైనింగ్ డిప్లొమా ఇంకా మగపిల్లల చదువుగానే చలామణి అవుతున్నది.

సంస్థ పెద్దలను మేము కోరేది పెద్ద కోరిక కాదు. ఏ గని ఏ సంవత్సరం మూతపడుతుంది, ఏ ఉద్యోగాల్లో ఎన్ని ఖాళీలు రానున్నాయి, వాటికి ఏ ధ్రువపత్రాలు కావాలి అనే జాబితాను ప్రతి జూన్ మాసంలో తెలుగు, ఉర్దూ భాషల్లో ముద్రించి, ఈ ప్రాంతపు కళాశాలలన్నింటికీ పంపవలెను. ఇంటర్మీడియట్‌లో చేరే పిల్లవాడు దానిని చదివిన తరువాతనే గ్రూపు ఎన్నుకుంటాడు.