చేతులు మారిన బండి – రైతు చూడవలసిన చూపు

మిరప కల్లము ఎత్తి, గుంటూరు యార్డునుండి పైకము చేతికి వచ్చిన పిమ్మట మన పలనాటి రైతు చేయు కొనుగోళ్లలో, ఒకప్పుడు ఎడ్లజతకుండిన స్థానము నేడు మోటారు బండికి వచ్చినది. క్రొత్తబండి కొనగలవారు కొలదిమంది. తక్కినవారు నరసరావుపేటలోనో గుంటూరులోనో ఎనిమిది పదేండ్లు తిరిగిన చిన్న ఎస్.యు.వి.ని కొనుచున్నారు. నేలకెత్తుగా నుండును, డొంకదారిని పోవును, ఇంటిల్లిపాదియు పట్టుదురు అని వారి నమ్మకము. ఆ నమ్మకమును కాదనుటకై నేనిది వ్రాయుటలేదు. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, కాడి కట్టి రెండు చాళ్లు దున్నించి గాని బయానా ఇయ్యని రైతు, అంతకు మించిన వెలగల బండిని రంగును, సీటు గుడ్డను చూచి ఇంటికి తోలుకొని వచ్చుచున్నాడే యని నా విచారము.

గురజాల ప్రాంతపు రైతొకడు, నాకు చిరపరిచితుడు, ఇట్లే తొమ్మిదేండ్ల బండిని కొనెను. అది యే సంస్థవారిదో ఇచ్చట చెప్పను. కొన్న మూడవ నెలలో బ్రేకు నూనె తగ్గినదని దీపము వెలిగెను. షెడ్డు మేస్త్రీ నూనె పోసి పంపెను. పక్షము దినములకు మరల వెలిగెను, మరల పోసెను. ఆ నూనె యెచ్చటికి పోవుచున్నదని ఆయనయు చూడలేదు, ఈయనయు అడుగలేదు. ఒకనాటి సాయంకాలము భార్యను, ఇరువురు ఆడుబిడ్డలను ఎక్కించుకొని మాచర్ల మార్గమున వచ్చుచుండగా, ఎదుట గొఱ్ఱెలమంద అడ్డము వచ్చెను. కాలు మోపిన బ్రేకు అడుగంటిపోయెను. ఆయన బుద్ధి చెదరనీయక బండిని ప్రక్కనున్న కందిచేనిలోనికి త్రిప్పెను. దైవకృపవలన నలుగురును బ్రదికిరి. మరునాడు బండిని పైకెత్తి చూడగా క్రింది బ్రేకు గొట్టమొకటి రాపిడికి అరిగి, చెమ్మగిల్లి కనబడినది.

ఇందలి విషయము మన సభ్యులందరు గుర్తుంచుకొనదగినది. బ్రేకు నూనె ఇంజను నూనెవలె వాడుకలో ఖర్చగునది కాదు. ప్యాడ్లు అరిగినకొలది తొట్టిలో మట్టము కొంచెము దిగును, అంతే. పోసినది నెల తిరుగకుండ తగ్గెనన్న నెచ్చటనో కారుచున్నదన్నమాట. అట్టి బండిని నూనె పోయించుకొని నడుపరాదు, కారుచోటు తెలియువరకు నిలుపవలయును.

ఇక వాహనములను తయారుచేసిన సంస్థలే వెనుకకు పిలుచు సంగతి. దీనినే రీకాలు అందురు. ఒక తరగతి బండ్లలో ప్రాణాపాయకరమైన లోపము బయటపడినప్పుడు, సంస్థవారు ఆ బండ్లను పిలిపించి, రుసుము లేకుండ సరిచేసి పంపుట దాని యర్థము. మన ప్రాంతమున విరివిగా చేతులు మారుచున్న ఫోర్డ్ ఎకోస్పోర్ట్ చరిత్రను చూచిన ఇది స్పష్టమగును. ఈ బండి 2013 జూనులో మనదేశమున అమ్మకమునకు వచ్చినది, చెన్నపట్టణము చెంత మరైమలై నగర్ కర్మాగారమున తయారైనది. 2015లో 16,444 బండ్లను వెనుక సస్పెన్షను బోల్టులకై పిలిచిరి. 2016లో 48,700 డీజిలు బండ్లను, అనగా 2013 ఏప్రిలు మొదలు 2014 జూను వరకు తయారైనవానిని, ఇంధనపు గొట్టములును బ్రేకు గొట్టములును కలిసిన కట్టను సరిచేయుటకు పిలిచిరి. 2018లో 4,379 బండ్లను ముందు చక్రముల లోయరు ఆర్ము అతుకుల విషయమై, 1,018 బండ్లను ముందు సీటు వెనుకకు వ్రాలకుండ పట్టు తాళము విషయమై పిలిచిరి.

ఇన్నిమార్లు పిలిచిరి గనుక ఆ బండి చెడ్డదని కొందరందురు. నేనట్లనను. తప్పు నొప్పుకొని దిద్దువాడు దాచువానికంటె మేలు. పిలిచిన బండ్లలో ఎన్ని పోయి సరిచేయించుకొన్నవి, మనము కొనబోవునది వానిలో నున్నదా లేదా యనునదే మనకు కావలసినది. సంస్థవారి కబురు వారి పుస్తకములో నున్న యజమానికి చేరును. ఆయన బండినమ్మి వేరొక యూరికి పోయియుండును. రెండవ యజమాని దానిని చదువక చించియుండును. మూడవవాడు మన రైతు, ఆతనికి ఆ మాటయే తెలియదు. మొదటి యజమాని చేయింపని మరమ్మతు బండితోపాటు మన పెరటిలోనికి వచ్చి నిలుచును.

ఉపాయము కష్టమైనది కాదు. ప్రతి బండికిని ఛాసిస్‌పై చెక్కిన 17 అక్షరముల సంఖ్య యుండును, అది ఆర్.సి.లోను వ్రాయబడియుండును. ఆ సంఖ్యను సంస్థవారి సర్వీసు కేంద్రమున చెప్పి, ఈ బండిపై చేయవలసి మిగిలిన రీకాలు పని యేదైన కలదా యని బయానాకు ముందే అడుగవలయును. ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరులో మనదేశమున కార్ల తయారీని మానుదుమని చెప్పినప్పుడే, సర్వీసును విడిభాగములను మానమనియు ప్రకటించినది. కావున కంపెనీ పోయినదిగదా, ఎవరినడుగుదుము అను మాట చెల్లదు.

అమెరికాలో 2023 డిసెంబరునందు అదే సంస్థ, ఒక లీటరు పెట్రోలు ఇంజను గల ఎకోస్పోర్ట్, ఫోకస్ బండ్లను రమారమి 1,40,000 వరకు పిలిచినది. ఇంజనులో నూనెలో మునిగి తిరుగు బెల్టొకటి నూనె పంపును నడుపును. ఆ బెల్టుగాని దానిని బిగించు భాగముగాని చెడిన నూనె ఒత్తిడి పోయి, నడిదారిని ఇంజను ఆగును. ఆ దేశమునకు పోయిన ఎకోస్పోర్టులు మన చెన్నపట్టణమున తయారైనవే. ఒక లీటరు ఇంజను ఇచ్చటను అమ్ముడైనది గనుక, దానిని కొనువారు బెల్టు సంగతి విచారింపక కొనరాదు.

ఎయిర్‌బ్యాగుల మాటయు చెప్పవలసియున్నది. జపాను దేశపు టకాటా సంస్థ చేసిన ఎయిర్‌బ్యాగులలోని అమ్మోనియం నైట్రేటు మందు, ఏండ్ల తరబడి వేడికిని చెమ్మకును చెడి, ప్రమాదవేళ ప్రేలినప్పుడు ఇనుపముక్కలను మనిషిపైకి చిమ్మినది. దానివలన ప్రపంచమున కోట్లకొలది బండ్లను పిలువవలసివచ్చెను, ఆ సంస్థ 2017లో దివాలా తీసెను. మనదేశమునను హోండా మున్నగువారు పాతబండ్లను పిలిచి వానిని మార్చిరి. రెంటచింతల యెండలెరిగిన మనకు వేడిమాట వేరుగా చెప్పనక్కరలేదు. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి, కొన్ని క్షణములలో ఆరవలయును. ఆరకున్న లోపము. అసలు వెలుగకున్న మరింత అనుమానింపవలసినది, ఏలయన దీపమును ఊడదీసి అమ్మువారును కలరు.

తక్కిన అరుగుదలలు ఏ బండికైనను సామాన్యములే. పిడుగురాళ్ల సున్నపుదుమ్ములో తిరుగు బండికి గాలి ఫిల్టరు పుస్తకములో వ్రాసినదానికంటె ముందే మార్చవలయును. మన బోరునీరు ఉప్పదనమును సున్నమును గలది. దానిని రేడియేటరులో పోసినచో లోపల గార కట్టి, మేనెలలో ఇంజను కాగిపోవును. టైరు ప్రక్కనున్న నాలుగంకెలు చూడుడు. 2318 అని యున్నచో అది 2018వ సంవత్సరము 23వ వారమున చేసినది. గాళ్లెంత లోతుగానున్నను రబ్బరు వయస్సు వయస్సే.

చట్టము సంగతి. 2012 మొదలు మనదేశమున రీకాలు సంస్థల యిష్టముమీద నడచినది. 2019 మోటారు వాహన సవరణ చట్టము 110-ఏ సెక్షను దానిని నిర్బంధము చేసెను, నిబంధనలు 2021 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైనవి. లోపమున్నను పిలువని సంస్థకు 10 లక్షలనుండి కోటి రూపాయలవరకు జరిమానా కలదు. మంచిదే. కాని అది తయారై ఏడేండ్లు నిండని బండ్లకే వర్తించును. పట్టణవాసి బండిని ఏడవ యేట అమ్మును, పల్లెటూరివాడు ఎనిమిదవ యేట కొనును. రక్షణ ఎచ్చట ముగియునో అచ్చటనే మన స్వామ్యము మొదలగును. ఇది న్యాయమని నాకు తోచలేదు. బ్రేకు గొట్టము ఏడేండ్లు నిండినదని ప్రాణమును విడిచిపెట్టునా? కనీసము బ్రేకు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు లోపములకైనను ఈ గడువును పెంచవలయునని మన సంఘములు తీర్మానించి పంపుట యుక్తము.

ఏటా 10,000కు మించి అమ్ముడుపోవు తరగతి కార్లలో 1,250 ఫిర్యాదులు వచ్చిననే విచారణకు తగిన సంఖ్యగా నిబంధనలు పెట్టినవి. ఆ ఫిర్యాదులు వాహన్ పోర్టలులో నమోదు కావలయును. షెడ్డులో బల్లమీద కూర్చుండి మనము చేయు గొణుగుడు ఆ లెక్కలోనికి రాదు. ఎరువులకును విత్తులకును ఒక్కటై నిలువనేర్చిన మనవారు ఈ విషయమున మాత్రము ఎవరికివారుగా నుండుట చిత్రముగానున్నది.

నా సూచన యిది. వాడినబండికి సంఘమునుండి అప్పుకోరు సభ్యుడు, రీకాలు పనులేవియు మిగులలేదని సర్వీసు కేంద్రమువారిచ్చిన కాగితమును దరఖాస్తుతో జతపరుపవలయునని పాలకవర్గము నియమము చేయవలయును. అప్పులకడ్డములు పెట్టుచున్నాడని నన్ను కొందరు నిందింపవచ్చును. పొలము తాకట్టునకు అడంగలు అడుగుచున్నాము గదా, దీనికేల అడుగరాదు? ఇదివరకే బండ్లు కొనియున్న సభ్యులు వచ్చు సమావేశమునకు ఆర్.సి. నకలు తెచ్చినచో, ఛాసిస్ సంఖ్యలన్నియు ఒక పట్టికగా వ్రాసి ఆయా సంస్థల సర్వీసు కేంద్రములకు సంఘము పేరిట పంపుటకు గుమాస్తాకు నేను తోడ్పడుదును.