మే ఎండకి సూర్యుడు దగ్గరికొస్తాడా?

మే నెలలో మార్కాపురం బస్టాండ్‌లో నిలబడితే సూర్యుడు దగ్గరికొచ్చేశాడేమో అనిపిస్తుంది. మా మేనకోడలికి అలాగే చెప్పేశా. పాప పరీక్షలో అదే రాసి మార్కు పోగొట్టుకుంది. "మావయ్యా, నువ్వు ఇంజనీరువేనా?" అంది.

నిజానికి మనం సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది సంక్రాంతికి పది రోజుల ముందు: 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో 15.2 కోట్లు. ఎండాకాలానికి కారణం భూమి ఒక పక్కకి ఒరిగి ఉండటం.

మరి దూరం ఎందుకు మారుతుంది? గ్రహాల దారి దీర్ఘవృత్తమని 1609లో కెప్లర్ చెప్పాడు. దూరం రెట్టింపైతే సూర్యుడి లాగుడు నాలుగో వంతవుతుందన్న లెక్కతో 1687లో న్యూటన్ కారణం చూపించాడు. సూర్యుడు లోపలికి లాగుతుంటే భూమి పక్కకి దూసుకుపోతుంటుంది. అచ్చంగా వృత్తం రావాలంటే ఆ దూరానికి సరిపడే ఒకే ఒక్క వేగం ఉండాలి. కొంచెం ఎక్కువైతే భూమి దూరం జరుగుతుంది, వేగం తగ్గి మళ్లీ వెనక్కొస్తుంది. కొంచెం తక్కువైతే దగ్గరికి జారి, వేగం పుంజుకుని మళ్లీ దూరం పోతుంది. ఎలా చూసినా దీర్ఘవృత్తమే. అంత కచ్చితమైన వేగం ఏ గ్రహానికి దొరుకుతుంది చెప్పండి?

పాపకి సారీ చెప్పి, మన మార్కాపురం పలక మీద భూమి దారి కొలతలతో గీశా. చూడ్డానికి వృత్తంలాగే ఉంది. తేడా అంత తక్కువ మరి!