సంతకం కంటే ముందు సమాధానం

సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2021 జనవరి 16న తెలంగాణ రాష్ట్రంలోనే తొలి కొవిడ్ టీకాను పారిశుద్ధ్య కార్మికురాలికి వేయడం సముచితమే గాని, మూడో దశ ప్రయోగం, అంటే 25,800 మంది వాలంటీర్లపై అప్పుడు జరుగుతున్న, టీకా వ్యాధిని ఎంతమేర అడ్డుకుంటుందో తేల్చే పరీక్ష, ఫలితమివ్వకముందే కొవాగ్జిన్‌కు అనుమతినిచ్చి, వేయించుకునేవారి చేత అంగీకార పత్రంపై సంతకం పెట్టించడం వైద్య సిబ్బందిలో సైతం వెనుకంజకు తావిచ్చింది. ఈ జంకును అజ్ఞానమని కొట్టిపారేయడం అధికారులకు సులువుగా ఉండేది. కొవాగ్జిన్ మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా అన్న అభిమానమూ దాన్ని పోగొట్టేది కాదు. ఎందుకంటే 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాను బాలికలకు వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. ఆ తరువాత సంభవించిన కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పినా, అడగకుండా వేసిన సూదిపై పుట్టిన అనుమానం అంత తేలిగ్గా చెరిగేది కాదు. కనుక ప్రయోగ ఫలితాలను జాప్యం లేకుండా ప్రకటించి, అంగీకార పత్రంలోని షరతులను తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించి, టీకా తరువాతి అరగంట పరిశీలనలో ఎదురైన ఇబ్బందులను ఏ రోజుకారోజు వెల్లడించాల్సింది. టీకా వద్దన్న కాంట్రాక్టు కార్మికురాలి జీతం, డ్యూటీల జోలికి ఎవరూ వెళ్లరాదని రాతపూర్వకంగా ఆదేశించాల్సింది.