తుపాకీ లైసెన్స్ హక్కా..? దయా..? పందుల బెడదున్న సత్యవేడు రైతుకు చట్టం ఏం చెబుతోంది..?

సత్యవేడు: అడవి అంచున పొలం ఉన్న రైతుకు వేరుశనగ కాయ ఊరే రోజుల్లో రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల గుంపు దిగిందంటే తెల్లారేసరికి చేను మిగలదు. సత్యవేడు, నాగలాపురం వైపు కొండల కింద ఊళ్లకు ఇది కొత్త కథేం కాదు. డప్పులు, టపాకాయలు, పాత చీరల కంచె.. అన్నీ అయ్యాక కొందరి చూపు నాటు తుపాకీ మీద పడుతుంది. లైసెన్స్ లేకుండా దొరికితే కేంద్ర ఆయుధ చట్టం కింద కేసు. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు.

మరి పంట కాపాడుకోవడానికి తుపాకీ పెట్టుకోవడం రైతు హక్కు కాదా? రాజ్యాంగం పేరుతో కోర్టుకెళ్తే నిలుస్తుందా?

ఒకసారి నిలిచింది. 1993లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మార్కండేయ కట్జూ, నిషేధం లేని తుపాకీ కలిగి ఉండటం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమేనన్నారు. మూడు నెలల్లో దరఖాస్తు తేల్చకపోతే లైసెన్స్ ఇచ్చినట్టే లెక్క అని కూడా అన్నారు. అయితే ఆ సంబరం ఎంతో కాలం లేదు. అదే హైకోర్టు ఫుల్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం అమెరికాలో మాదిరిగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. మన రాజ్యాంగంలో ఆయుధాల ప్రస్తావన వచ్చే చోటు చూస్తే సంగతి అర్థమవుతుంది. 19వ అధికరణ సభ పెట్టుకునే హక్కు ఇచ్చింది.. 'ఆయుధాలు లేకుండా' అన్న షరతుతో.

ఆ మాటకొస్తే అమెరికాలోనూ రెండో సవరణ చూపించి ప్రతి కేసూ గెలవలేరు. గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్న వ్యక్తి దగ్గర తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2024 జూన్‌లో 8-1 మెజారిటీతో సమర్థించింది.

మన ఆయుధ చట్టం రాజ్యాంగ పరీక్షలో అసలే ఓడలేదని కాదు. తప్పనిసరి మరణశిక్ష విధించే 27(3) సెక్షన్‌ను 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ అది శిక్ష గురించి, తుపాకీ హక్కు గురించి కాదు.

రైతుకు పనికొచ్చేది రాజ్యాంగంలో కాదు, 1959 నాటి ఆ చట్టంలోనే ఉంది. 13(3) సెక్షన్ ప్రకారం నిజంగా పంట రక్షణ కోసమే అడిగితే, మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీకి అధికారి లైసెన్స్ 'ఇవ్వాలి'. 'ఇవ్వవచ్చు' అని కాదు! పోలీసు రిపోర్టు, శాంతిభద్రతల అభ్యంతరాలు ఉంటే అది వేరు. ఆస్తి తక్కువన్న ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. కాదంటే కారణం రాతలో ఉండాలి. దాని మీద అప్పీల్‌కు వెళ్లొచ్చు. ఈ సంగతి తెలిసిన రైతులు ఎంతమంది?

కోర్టుల్లో గెలుస్తున్నదీ ఇలాంటి వాదనే. ఎన్నికలొస్తే చాలు, లైసెన్స్ తుపాకులన్నీ స్టేషన్‌లో పెట్టమంటారు. 2009లో బాంబే హైకోర్టు, ఆ తర్వాత పలుమార్లు అలహాబాద్ హైకోర్టు దీన్ని తప్పుపట్టాయి. గంపగుత్తగా ఆదేశాలు కుదరవు, స్క్రీనింగ్ కమిటీ ఎవరికి వారి విషయం విడిగా చూడాలన్నాయి. అంటే తుపాకీ హక్కు కాకపోయినా, అధికారి ఇష్టారాజ్యం కూడా కాదు.

ఇంకో చిక్కుముడి ఉంది. లైసెన్స్ చేతికొచ్చినా పందిని కాల్చేయడానికి లేదు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి వేరే కావాలి. పంటకు ముప్పున్నప్పుడు ఆ అనుమతి ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతికిచ్చింది. అక్కడ పంచాయతీ మాట మీద లైసెన్స్ ఉన్న షూటర్ వస్తాడు, రైతు తుపాకీ కొనాల్సిన పనే లేదు.