ఎవరినీ అడగక్కర్లేని స్క్రీన్

కూరగాయల బండి దగ్గర డబ్బులు కట్టేటప్పుడు ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? బండికి కట్టిన క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపిస్తాం. స్క్రీన్ మీద పేరు వస్తుంది. 40 అని కొట్టి పిన్ నొక్కుతాం. పక్కనున్న స్పీకర్ డబ్బా నలభై రూపాయలు వచ్చాయని తెలుగులో చెప్పేస్తుంది. వంకాయలు తూస్తున్న ఆవిడ చెయ్యి ఆపను కూడా ఆపదు. 2016లో వచ్చిన యూపీఐ ఇంత తొందరగా సంతల్లో కలిసిపోయిందంటే, సగం కారణం వాడకం ఇంత తేలిగ్గా ఉండటమేనని నా నమ్మకం.

అంతకుముందు ఆన్‌లైన్లో ఎవరికైనా డబ్బు పంపాలంటే ఎంత తతంగమో గుర్తుందా? అకౌంట్ నంబరు రెండుసార్లు కొట్టాలి. 11 అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వెతికి పట్టుకోవాలి. అవతలివాళ్ల పేరు చేర్చాక బ్యాంకు సరేననేదాకా ఆగాలి. ఇప్పుడా నంబర్లూ కోడ్లూ ఎక్కడికీ పోలేదండీ, అలాగే ఉన్నాయి. కాకపోతే వాటి సంగతి యాప్ చూసుకుంటోంది, మనల్ని అడగట్లేదు.

ఈ సంగతి గురించే ఆలోచించిన లారీ టెస్లర్ అని ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త ఉండేవారు. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లోనూ తర్వాత ఆపిల్‌లోనూ పనిచేశారు. మనం రోజూ చేసే కట్, కాపీ, పేస్ట్ వెనక ఆయన చెయ్యి ఉంది. 2020లో పోయారు. ఏ పనిలోనైనా కొంత చిక్కు ఉండే తీరుతుంది, దాన్ని పూర్తిగా మాయం చెయ్యలేం, అది తయారుచేసేవాళ్లు మొయ్యాలా వాడేవాళ్లు మొయ్యాలా అన్నదే తేలాలి అనేవారు ఆయన. లక్షలమంది తలా ఓ నిమిషం పోగొట్టుకునే బదులు ఇంజనీరు ఒక్కడు ఇంకో వారం కష్టపడితే మేలని ఆయన వాదన. యాప్ మంచిదా కాదా అని నన్నడిగితే నేను చూసేది ఇదొక్కటే: చిక్కు ఎవరి నెత్తిన పెట్టారు?

మన పేర్ల సంగతే తీసుకోండి. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి, రెండూ నింపాల్సిందే. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలామందికి పొడి అక్షరంలోనే. కె. వెంకటేశ్వరరావు అనే పెద్దాయన లాస్ట్ నేమ్ గడిలో ఏం రాయాలి? కె అని రాస్తే ఒక్క అక్షరం చాలదంటుంది. పోనీ రావు అని విడగొడితే ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా తయారవుతుంది పేరు. ఆ తర్వాత మీ పేర్లు కలవట్లేదని మరో స్క్రీన్ అడ్డం పడుతుంది. ఆయన తప్పేముంది ఇందులో? పుట్టినప్పట్నుంచీ ఒకటే పేరాయె! కార్డులో ఉన్నట్టే పూర్తి పేరు రాయమని ఒకే గడి పెడితే తీరిపోయే బాధ ఇది.

పుట్టినతేదీ కూడా అంతే. 1958లో పుట్టినావిడ చేత క్యాలెండర్లో నెల నెలా వెనక్కి నొక్కించడం ఎందుకు? అంకెలు కొట్టనిస్తే సరిపోదా? పది గళ్లు నింపాక ఒక్కటి తప్పయితే మిగతా తొమ్మిదీ చెరిపేసే ఫారాల్ని మాత్రం నేను క్షమించలేను.

తెలుగులో చూపించే యాప్‌లకి ఇంకో జబ్బుంది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసి బటన్లు కొలిచేస్తారు, ఆనక తెలుగు తెచ్చి అందులో ఇరికిస్తారు. కింద వత్తులు తెగిపోతాయి, పైన గుడులు నలిగిపోతాయి. లక్ష్మి అన్న పేరులో 'క్ష్మి' కింద ఎంత చోటు కావాలో చూడండి ఒకసారి. ఇక లేత బూడిదరంగు అక్షరాలు తెల్లటి స్క్రీన్ మీద పెడితే అరవై దాటిన కళ్లకి ఏం కనిపిస్తుంది? మామూలు సైజు అక్షరాలకి రంగుల తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు ఏనాడో చెప్పాయి. పాటించేవాళ్లు పాటిస్తున్నారు, అంతే.

అలాగని అన్నీ చకచకా అయిపోవాలని కూడా అనను. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఈ ముక్క తెలీక, మీకు డబ్బొస్తుంది పిన్ కొట్టండి అనగానే కొట్టేసి మోసపోయినవాళ్లు ఎంతోమంది. అలాంటి చోట స్క్రీన్ మనిషిని కాసేపు ఆపాలి. మీ అకౌంట్లోంచి 5,000 రూపాయలు పోతాయి అని పెద్ద తెలుగు అక్షరాల్లో చెప్పాలి.

ఇక కావాలని చిక్కు పెట్టేవాళ్లు ఉన్నారు. చేరడానికి ఒక్క నొక్కు చాలు, మానెయ్యాలంటే దారే దొరకదు. మనం అడగని వస్తువు బిల్లులో దూరుతుంది. ఇలాంటి డార్క్ ప్యాటర్న్‌లు 13 రకాలని గుర్తించి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో నిషేధించింది. మీకు ఎదురైతే ఊరుకోకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో కూర్చుని యాప్‌లు తయారుచేస్తున్న మన పిల్లలకి ఒక్క మాట. ఐదుగురి చేత వాడించి చూస్తే లోపాల్లో చాలావరకు బయటపడతాయని, వాడకం తేలిగ్గా ఉండటం గురించి పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఆ ఐదుగురినీ ఆఫీసులో వెతక్కండి. మీ అమ్మగారున్నారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉన్నాడు, కిరాణా కొట్టాయన ఉన్నాడు. ఫోన్ వాళ్ల చేతికిచ్చి, పని చెప్పి, పక్కన కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి. వేలు ఎక్కడ ఆగిందో, సాయం కోసం మీ మొహం వైపు ఎప్పుడు చూశారో రాసుకోండి. రిలీజ్ ఇంకో వారం వెనక్కి జరిగినా ఫర్వాలేదు, ముందు అవి సరిచెయ్యండి.